పదహారు మీద డ్రాప్

లాక్‌డౌన్‌లో మంగలి షాపులు మూసేశాక మా అంకుల్ ఆన్‌లైన్‌లో జుట్టు కత్తిరించే మిషను తెప్పించాడు. తెప్పించాడు గానీ, పెట్టడానికి తల దొరకలేదు. ఆయనది బట్టతల. ఆంటీ, కూతురు దగ్గరికి రానివ్వరు. మిగిలింది ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీలో వాళ్ళింట్లోనే మేడమీద గదిలో అద్దెకుంటున్న నేను.

ఆ రోజుల్లో సాయంత్రమైతే వంటింటి బల్ల మీద బ్లాక్‌జాక్ ఆడేవాళ్ళం. ఆంటీ ఆసుపత్రిలో నర్సు, ఆదివారం ప్రార్థన తప్పని మనిషి. పేకాట పాపమంది. "ఇది ఉత్త కూడికలాట ఆంటీ, పాపకి లెక్కలొస్తాయి" అని నేనే ఒప్పించాను. డబ్బు పెట్టకూడదని షరతు పెట్టింది. సరే, ఓడినవాళ్ళు అంట్లు తోమాలనుకున్నాం.

అంకుల్‌కి తెలిసిన పేకాట రమ్మీ ఒక్కటే. రెండు ముక్కలు చేతికిస్తే చాలు, "జోకరేదయ్యా?" అనేవాడు. ఇస్పేటు ఏడు, ఎనిమిది పడితే సీక్వెన్సు కుదురుతోందని మురిసిపోయేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఇరవై ఒకటి దాటకుండా దాని దగ్గరికి రావాలి అంకుల్, అంతే! బొమ్మలన్నీ పది. ఆసు ఒకటైనా పదకొండైనా మనిష్టం. పంచేవాడు మాత్రం పదహారు దాకా ముక్క తీసి తీరాలి, పదిహేడుకి ఆగి తీరాలి."

"మరి షో ఎప్పుడు కొట్టాలి?"

పైగా పక్కింటి ఐరిష్ పెద్దాయన గోడ మీదుగా పాంటూన్ నేర్పాడు. అదీ ఇలాంటి ఆటే. కానీ సమానమొస్తే పంచేవాడిదే గెలుపు, ఐదు ముక్కలు తీసినా ఇరవై ఒకటి దాటకపోతే గొప్ప. ఒక్కో ఆటకి ఒక్కో ఎత్తుగడ! ఎప్పుడు ముక్క తీయాలో, ఎప్పుడు ఆగాలో రెండు పట్టికలు రాసి ప్రెస్సు తలుపుకి అంటించాను. ప్రెస్సంటే అక్కడి మాటలో గిన్నెల అలమర. అంకుల్ వాటి వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. "చెయ్యి దురద పెడితే తీస్తా, లేకపోతే లేదు" అనేవాడు. అయినా ఆ వారమంతా అంట్లు ఎక్కువగా ఆయనే తోమాడు. నాకు పొగరెక్కింది.

శనివారం సరెండర్ అనే పద్ధతి చెప్పి, పట్టికలో కూడా చేర్చాను. ముక్కలు బాగోలేకపోతే ఆట అక్కడితో వదిలేయొచ్చు, సగం పందెమే పోతుంది.

"మన రమ్మీలో మిడిల్ డ్రాపా! ముందే ఏడవొచ్చుగా!" అని తొడ చరిచాడు అంకుల్. వారం మొత్తంలో ఆయనకి వెంటనే బుర్రకెక్కిన రూలు అదొక్కటే.

మర్నాడే నా పెళ్ళిచూపులు. అమ్మాయి స్లైగోలో నర్సు. అది వేరే కౌంటీ, అంటే జిల్లా; లాక్‌డౌన్‌లో దాటనివ్వరు కాబట్టి వీడియోలోనే. ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఎలాగైనా ఆ అమ్మాయికి నచ్చాలి.

"ఈ జులపాలతో కూర్చుంటావా అబ్బాయ్?" అన్నాడు అంకుల్. "ఒక్క ఆట. ఓడితే నా మీసం తీసేస్తా. నువ్వోడితే నీ తల నాకియ్యి."

బుద్ధున్నవాడెవడైనా లేచి వెళ్ళిపోతాడు. నేను ఆ మీసం లేని మొహాన్ని ఊహించుకుని నవ్వుకుంటూ సరేనన్నాను.

అంకుల్ పంచాడు. నాకు తొమ్మిది, ఏడు. పదహారు! ఆయన ముందు తెరిచి ఉన్న ముక్క పది. ఆటలో ఇంతకన్నా దిక్కుమాలిన పరిస్థితి లేదు. పట్టిక చూశాను. సరెండర్. "డ్రాప్" అన్నాను, హుందాగా.

అంకుల్ మూసిన ముక్క తిప్పాడు. ఆరు. పదహారు కాబట్టి ఇంకోటి తీసి తీరాలి. తీశాడు. కళావరు రాణి. ఇరవై ఆరు! నోరు మూసుకుని కూర్చున్నా గెలిచేవాణ్ణి.

"సగం పందెం పోయింది" అంటూ మిషను ప్లగ్గు పెట్టాడు. "సగం తల."

"సగమంటే పొడవులో సగం అంకుల్!"

"రూల్స్ ఆర్ రూల్స్, లైక్" అంది వాళ్ళమ్మాయి, అచ్చం ఐరిష్ యాసలో.

న్యాయం కోసం ఆంటీ వైపు చూశాను. "మాటంటే మాటే నాయనా" అంది ఆవిడ.

ఎడమవైపు గుండు, కుడివైపు జులపాలు. మిగతాదీ తీయించేద్దామంటే, గుండుతో పెళ్ళిచూపులా! తిరుపతి వెళ్ళొచ్చానని చెప్పడానికి విమానాలైనా ఎగరడం లేదు.

మర్నాడు ఫోనుకి కుడిచెంప చూపించి కూర్చున్నాను. పది నిమిషాలు బానే గడిచింది.

"మెడ పట్టేసిందా? కొంచెం ఇటు తిరుగుతారా?" అంది అమ్మాయి.

తిరిగాను. అవతల గదిలో ఎవరో కెవ్వుమన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ జరిగిందంతా చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

"మా హౌస్‌లో నలుగురు నర్సులం, మేమూ అదే ఆడతాం. మీకెంత?"

"పదహారు."

"పంచేవాళ్ళకి?"

"పది."

"అయితే మీరు చేసిందే కరెక్టు."

పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నేను కరెక్టని ఆవిడ ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.