కెమెరాకు పెట్టిన బొట్టు

డిగ్రీ చదివే ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. నాకన్నీ తెలుసనుకోవడం ఒకటి, మా అమ్మకేమీ తెలియదనుకోవడం రెండోది. వనపర్తిలో నాలాంటి రోగి ఇంకొకడు దొరికాడు. వాణ్ని అందరం రాకెట్ అని పిలిచేవాళ్లం (అప్పటికి వాడు ఎగరేసింది గాలిపటం ఒక్కటే, అదీ కరెంటు తీగకు చుట్టుకుంది). పెద్ద వాతావరణ బెలూన్‌కు థర్మాకోల్ డబ్బా కట్టి, కెమెరా బయటికి కనబడేలా అందులో ఫోన్ పెట్టి, అంతరిక్షం అంచు నుంచి భూమిని ఫొటో తీద్దామని ఇద్దరం తీర్మానించాం. అనుమతులు మా లెక్చరర్ తెచ్చారు. మొత్తం వ్యవహారంలో సరిగ్గా జరిగిన పని అదొక్కటే.

ఫోన్ మాత్రం అమ్మది. పూణేలో ఉన్న అక్క రోజూ అందులోనే కనబడేది. "అంత పైనుంచి మన ఇల్లు కనపడ్తదారా?" అని అమ్మ అడిగింది. "ఇల్లేంది, భూమే గుండ్రంగ కనపడ్తది, సూపిస్త" అన్నాను. ఆ మాట నమ్మే ఇచ్చింది.

ఎగరేసే రోజు పొద్దున్నే అమ్మ పసుపు కుంకుమల పళ్లెంతో కాలేజీ గ్రౌండ్‌కు వచ్చింది. కొత్త బండికైనా, బోరు మోటారుకైనా బొట్టు పెట్టనిదే మా ఇంట్లో స్విచ్ వేయరు. నేను పదిమంది ముందూ, "అమ్మా, ఇది సైన్స్. ట్రాక్టర్ కాదు. ఇంటికి పో" అన్నాను. ఆమె ఒక కుంకుమ పొట్లం నా జేబులో కుక్కి, పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

తీరా బెలూన్ ఉబ్బి తాడు లాగుతుంటే నా సైన్సంతా గాల్లో కలిసిపోయింది. అమ్మ ఫోన్ పోతే? ఎవరూ చూడకుండా పొట్లం విప్పి, తల అటు తిప్పుకుని, చెమట పట్టిన వేలితో డబ్బా ముందువైపు ఇంత కుంకుమ అద్ది వదిలేశాను.

మూడో రోజు మన్ననూర్ అడవి నుంచి వాచర్ ఒకాయన ఫోన్ చేశాడు. "డబ్బ మీద నంబర్ జూసి జేస్తున్న సార్. బొట్టు జూసి ఎవరో చేతబడి జేసిండ్రనుకొని రెండు రోజులు ముట్టలే."

ఫోన్ భేషుగ్గా ఉంది. ఫొటోలు వందలు. అన్నింటిలోనూ ఒకటే ఎర్రటి మసక. నా బొట్టు సరిగ్గా లెన్స్ మీద పడింది. "పళ్లెం వట్టుకొచ్చినప్పుడే అనుకున్న, మీ అమ్మనే పెట్టిందిరా!" అని రాకెట్ అరిచాడు. కాలేజీ అంతా అమ్మనే ఎగతాళి చేసింది. నేను నోరు మెదపలేదు. సైన్సుకు నిజమే ప్రాణమని వారం కిందట ఉపన్యాసమిచ్చిన మహానుభావుణ్ని నేనే. ఆ సాయంత్రం అమ్మ ఎర్రటి ఫొటోను చాలాసేపు చూసి, "దీంట్ల మన ఇల్లు ఏడున్నదిరా?" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు బిజినేపల్లి దగ్గర బడిలో పిల్లలకు సైన్స్ చెబుతున్నాను (పాపం పిల్లలు). మొన్న అమ్మకు కొత్త ఫోన్ కొనిచ్చాను. ఆమె బొట్టు పెట్టబోతుంటే, "జర పక్కకు పెట్టమ్మా, కెమెరా మీద పడ్తది" అన్నాను.

"నేనెన్నడు కెమెరాకు పెట్టలే బిడ్డా" అంది అమ్మ, తలెత్తకుండానే. "ఆ దినం నీ అంగి ఉతికింది నేనే. జేబుల పొట్లం సగం ఖాళీ ఉండె."

ఇన్నేళ్లూ ఆమెకు తెలుసు. ఒక్కరికీ చెప్పలేదు. నా రెండో జబ్బు ఆ మాటతో నయమైంది. నాటి శాస్త్రవేత్త గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది. ఫోన్‌ను రెండు చేతులతో ఆమె ముందు పట్టుకున్నాను.