మావయ్యగారి నాజూకు పొట్ట

మావయ్యగారు మాట్లాడేది తక్కువ, ఆయన పొట్ట మాట్లాడేది ఎక్కువ. "బాగున్నారా సార్?" అని పాలవాడు పొరపాటున అడిగాడా, దాని క్షేమసమాచారాలన్నీ వినేసరికి క్యాన్లో పాలు విరిగేవి.

ఆ ఇంట్లో సామాన్ల గదికి అత్తయ్యగారు మహారాణి. ఏడాదికి సరిపడా పప్పులూ గోధుమలూ నిలవచేసి, పురుగు పట్టకుండా మందు పొడి కలిపేసేవారు. "ఒక్క పురుగుని చూపించు, నా పేరు మార్చుకుంటా!" అని సవాలు కూడాను. పురుగుల సంగతి సరే, కొత్తకోడలు కూడా ఆ పొడికి తట్టుకోలేకపోయింది. కడుపులో మెలిపెట్టడం, వికారం, విరేచనాలు.

"గింజల్లో మందు కలుపుతారా?" అంది డాక్టరమ్మ. "అది తిండితోపాటు లోపలికెళ్ళి కడుపుని చెడగొడుతుంది. కొందరి పేగులు అసలు ఓర్చుకోవు. ముందది మాన్పించు."

మాన్పించేదెవరు? అత్తయ్యగారితో ఆ మాట అనే ధైర్యం కోడలికి లేదు. తోడొచ్చిన మావయ్యగారేమో బయట బల్లమీద గుర్రుపెడుతున్నారు.

ఆ వారమే భోజనాల దగ్గర పెద్ద కేక.

"ఏమేవ్, చచ్చానే! పప్పులో మందు వాసన. నా పొట్ట తిరగబడింది!"

"ఇన్నేళ్ళూ తిరగబడనిది ఇవాళేమొచ్చింది దానికి?"

"నన్నడుగుతావేం? దాన్నే అడుగు" అని పొట్ట ముందుకి జరిపారు.

అత్తయ్యగారు సణుగుతూనే ఆ పప్పు బస్తా అవతల పారేయించారు. తర్వాత పొట్ట గోధుమల మీద అలిగింది. ఆపైన శనగల మీద. మందు మానేసి, గింజలు ఎండబెట్టి, బిగుతు మూతల డబ్బాల్లో పోసేదాకా శాంతించలేదు. కోడలు తేరుకుంది. మావయ్యగారు మాత్రం మూలుగు మానలేదు.

ఓ సాయంత్రం కోడలు బజారుకెళ్తే, రోడ్డుపక్క బండి దగ్గర మావయ్యగారు! చేతిలో ప్లేటునిండా వేయించిన మిరపకాయలు. కళ్ళల్లో నీళ్ళు, మొహంలో పరమానందం.

"మావయ్యా! మీ పొట్ట!"

"ష్! దానికేం అమ్మాయ్, రాళ్ళేసినా అరిగించుకుంటుంది."

"మరి ఆ మూలుగులూ?"

"ఆ రోజు గుర్రుపెడుతూనే డాక్టరమ్మ మాటలన్నీ విన్నాలే. నీకు నొప్పంటే, 'వచ్చీరాగానే నా సామాన్లకి వంకలా!' అని మీ అత్తయ్య ఇంతెత్తున లేస్తుంది. నాకు నొప్పంటే నన్నే తిడుతుంది. తిట్లు కూడా నాకు బాగానే అరుగుతాయి."

కోడలు ఆయన మొహాన్నీ చేతిలో ప్లేటునీ మార్చి మార్చి చూసింది.

"అలా చూడకు. ఇంటికెళ్తే మీ అత్తయ్య ఉప్పూకారం లేని జావ గిన్నెడు పోస్తుంది. ఇది పడకపోతే అది దిగదు."

కోడలు బండివాడివైపు తిరిగింది.

"మావయ్యగారికి ఇంకో ప్లేటు. కారం బాగా దట్టించు."