బయటి వేలు

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని, నాకు నెమ్మదిగా మాట్లాడటం రాదు. ఓపిక కూడా తక్కువే. ఆ పొద్దున మెట్‌పల్లి వైపు నుంచి ఒకావిడ తన ఆడకుక్కను ఆటోలో కోరుట్లకు తెచ్చి, పశువుల దవాఖానలో నా ముందు బల్లమీద పెట్టగానే గట్టిగానే అడిగాను.

"ఇన్ని రోజులు ఏం జేసిండ్రు?"

"జెరం అచ్చిందని ఊళ్లె ఒగాయనతోని సూది ఏపిచ్చిన మేడం. గప్పటి సంది గిట్లనే కాలు ఈడ్సుకుంట నడుస్తుంది."

వెనక కుడి పాదం లోపలికి మడత పడి ఉంది. పైభాగం నేలకు రాసుకుని పుండైంది. అంతకంటే ఘోరం, వేళ్లను అది తనే కొరుక్కుంటోంది. సూది తొడ వెనుక దిగింది. తుంటి నుంచి పాదం దాకా పోయే పెద్ద నరం అక్కడే కండల మధ్య ఉంటుంది. మోకాలిని చాచి నిలబెట్టే నరం వేరు, అది తొడ ముందువైపుది. అందుకే కుక్క నిలబడగలుగుతోంది, పాదాన్ని మాత్రం సరిగ్గా వేయలేకపోతోంది.

పెద్ద నరంలో కాస్తయినా స్పర్శ మిగిలి ఉంటే కట్టు కట్టి నెలల తరబడి ఎదురుచూడొచ్చు. పూర్తిగా పోయి ఉంటే, వేళ్లను ఎముకదాకా నమిలేయకముందే కాలు తీసేయాలి. ఆమెకు ఇదంతా చెప్పాను. కాలు తీసేయడం అన్న మాట దగ్గరే ఆగిపోయింది, మిగతాది విన్నట్టు లేదు.

కుక్క ఆమె భర్తది. ఆయన దుబాయ్‌లో ఉంటాడు. రోజూ పొద్దున వీడియో కాల్‌లో ఆయన పలకరిస్తేనే అది తిండి ముడుతుందట. ఇప్పుడూ ఆయన ఫోన్లో చూస్తూనే ఉన్నాడు.

పటకారుతో బయటి వేలిని నొక్కాను. కుక్క గిరుక్కున తల తిప్పింది. నొప్పి తెలిసిందని నాకు ప్రాణం లేచివచ్చింది. కానీ సరిగ్గా నేను నొక్కినప్పుడే "దా బిడ్డ, దా" అని ఫోన్లోంచి ఆయన గొంతు వినబడింది. అది తిరిగింది ఆ గొంతు వైపు.

"ఫోన్ బంద్ జెయ్యమ్మ," అన్నాను.

"ఆయిన కనవడకుంటె ఇది నిలువది మేడం."

"బంద్ జెయ్యమంటున్ననా!"

చేసింది. ఈసారి పోల్చి చూడటానికి ముందు లోపలి వేలు నొక్కాను. కుక్క కుయ్యోమని అరిచి నన్ను కరవబోయింది.

"నొస్తుంది మేడం పాపం, ఇడిసిపెట్టుండ్రి," అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ వేలికి స్పర్శనిచ్చేది తొడ ముందువైపు నరమే. దాంతో ఏమీ తేలదు. తేలాల్సింది పెద్ద నరం అందే బయటి వేలిలో. గోరు మొదట్లో, ఎముకకు తగిలేలా నొక్కాను. కదలిక లేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఒక్కసారి అరవవే తల్లీ, పోనీ నన్ను కరవవే అని లోలోపల బతిమాలుకున్నాను. కుక్క నింపాదిగా ఆమె మోచేయి నాకుతోంది.

ఆమె ఊపిరి వదిలింది. మొహం విప్పారింది. నేను పటకారు కింద పెట్టేలోపే భర్తకు ఫోన్ కలిపింది.

"ఏం ఫికర్ జెయ్యకు. డాక్టరమ్మ గంత గట్టిగ ఒత్తినా దానికి జర్రంత నొప్పి లేదు!"

అటువైపు ఆయన కూడా నవ్వుతున్నాడు. ఫోన్ ఇమ్మని చెయ్యి చాచాను.