పెద్ద హోటల్‌కి క్యారియరు పట్టుకెళ్ళాం

మా ఆయన పద్యం బ్రహ్మాండంగా పాడతారని పెళ్ళయిన కొత్తలోనే పక్క క్వార్టరు పిన్నిగారు చెప్పారు. రైల్వే కాలనీలో నాటకం వేస్తే ఆయన పద్యం ఎత్తుకునేసరికి వన్స్‌మోర్లు పడేవట. మూడేళ్ళు కాపురం చేసినా ఆ గొంతు నేను వినలేదు. మా మావగారు కూడా పాడేవారట. ఆయన పోయాక ఇంట్లో పాట వినిపిస్తే అత్తగారు ఏడుస్తారని ఈయన నోరు కట్టేసుకున్నారు. పోనీ నాకొక్కదానికే మెల్లగా వినిపించమందామంటే ఆ ఒకటిన్నర గదిలో తడికకి అటు అత్తగారు, ఇటు మరిది. మేం గుసగుసలాడుకున్నా పొద్దున్నే దాని మీద ఆరా తీసేవారు.

రాయపూర్ స్టేషన్లో ఈయన పార్సిల్ గుమాస్తా. నాగపూర్ ఇంకా మాకు రాజధానిగా ఉన్న రోజులవి. గోల్ బజారు దాటాక పాత బస్తీలో దొరలూ జమీందార్లూ దిగే పెద్ద హోటల్ ఒకటుండేది. కలకత్తా నుంచి దానికొచ్చే గాజుసామాను పెట్టెలు పగలకుండా దింపించేవారని అక్కడి మేనేజరుకి ఈయనంటే అభిమానం. మీ ఇంటావిడని తీసుకుని ఒక రాత్రి వచ్చి ఉండండి, గది ఇప్పిస్తాను అన్నాడట. ఆ మాట చెవినపడగానే నాకు తట్టింది పద్యమే. తలుపు వేసుకునే గది! "అక్కడైతే పాడతారా?" అన్నాను. "పాడతాను" అన్నారు. ఆ పూటే పట్టుచీర తీసి గాలికి ఆరేశాను.

చిక్కంతా అత్తగారికి చెప్పడంలో వచ్చింది. పెళ్ళాంతో రాత్రి వేరేచోట ఉంటానని తల్లి ముందు అనడానికి ఈయనకి నోరెలా వస్తుంది? "హోటల్‌కెళ్ళొస్తామమ్మా" అన్నారు. మనవాళ్ళకి హోటలంటే ఇడ్లీ, అట్టు, కాఫీ. ఆవిడ ముఖం వెలిగిపోయింది. గబగబా వంటింట్లోకి వెళ్ళి గిన్నెల క్యారియరు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మద్రాసీ హోటలుకేనా? నాకూ నాలుగిడ్లీలు తెండర్రా. సట్నీ ఏరేగా కట్టించండి. జల్దీగా వచ్చీండి, సల్లారిపోతే తినలేను."

నేను ఈయన వంక చూశాను. ఈయన గుమ్మం వంక చూశారు. రిక్షా ఎక్కాక, "తెల్లారి వస్తామని చెప్పలేదేం?" అని అడిగాను. "చెప్పాగా, హోటల్‌కని!" అన్నారు. స్టేషన్లో ఆఫీసర్ల నోట హోటలంటే బస చేసే చోటు. ఆ అర్థం తల్లికి కూడా దానంతటదే తెలిసిపోతుందని ఈయన నమ్మకం. నాకు ఒళ్ళు మండిపోయింది.

అలా పట్టుచీర కట్టుకుని, క్యారియరు పట్టుకుని ఆ పాలరాతి మెట్లెక్కాను. గుమ్మం దగ్గర తలపాగా మనిషి దాన్ని అందుకోబోతే సిగ్గేసి కొంగు కింద దాచుకున్నాను. గది మాత్రం మా క్వార్టరంత ఉంది. ఈయన కిటికీలు మూసి, తలుపు వేసి, మంచం అంచున కూర్చుని గొంతు సవరించుకున్నారు.

తలుపు మీద టకటక. "జీ సాబ్?"

గదులు చూసుకునే నౌకరు, బేరా అంటారు, వరండాలో స్టూలు వేసుకుని మా కోసమే కూర్చున్నాడట. సాబు దగ్గితే పిలిచారనుకున్నాడు. ఏమీ వద్దని పంపి మళ్ళీ గొంతు సవరించుకున్నారు. ఈసారి టీ వచ్చింది. ఆ తర్వాత మంచినీళ్ళు. "సవరించుకోకుండా పాడకూడదూ?" అన్నాను. "అలా పలకదే" అన్నారు. వాడు ఇంకోసారి వచ్చేసరికి నాకు ఓపిక నశించి, నేనే తలుపు తీసి, "చాలు బాబూ, చాలు!" అని పైకి చేతులూపాను. వాడు బుద్ధిగా తలూపి, లోపలికొచ్చి, పైనున్న పంకా మీట నొక్కి వెళ్ళిపోయాడు. హిందీలో చాలూ అంటే నడిపించడమని ఈయన చెప్పి పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంతలో భోజనాల గంట కొట్టారు. పెరుగన్నం లేని ఆ భోజనం, ముళ్ళచెంచాలతో చేసిన కుస్తీ ఎందుకులెండి. తిరిగొచ్చేసరికి వరండాలో స్టూలు ఖాళీగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయన పంకా ఆపి గొంతు సవరించుకున్నారు. ఎవరూ రాలేదు. రాగం అందుకోబోతూ నోరు తెరిచారు.

"ఓరి నాయనా! ఎక్కడున్నార్రా!"

కింద హాల్లోంచి అత్తగారి కేక. పరుగెత్తుకుంటూ దిగాం. అంతమంది దొరల మధ్య ఆవిడ, పక్కన మా మరిది. "ఇడ్లీలకని ఎల్లినోలు సీకటడిపోనా రారేటర్రా! బజార్లో మద్రాసీ హోటలన్నీ ఎతికినాం. టేసన్‌కాడ రిక్షావోడు సెప్పబట్టి తెలిసింది గానీ, నా గుండాగిపోనాదిరా!"

మీరు వెళ్ళండమ్మా, మేం పొద్దున్నే వస్తాం. ఆ ఒక్క ముక్క ఈయన అంటారని ఎదురుచూశాను. ఈయన పైకి వెళ్ళి బూట్లు తొడుక్కుని, నా క్యారియరు కూడా మర్చిపోకుండా పట్టుకొచ్చారు.

టాంగాలో బండివాడి పక్కన ఈయన, మరిది కూర్చున్నారు. అత్తగారూ నేనూ వెనక, హోటల్ వైపు తిరిగి. ఆవిడ ఏడుపు ఆపడం లేదు. "మీ నాన్నా ఇలాగే డూటీకని ఎల్లి మరి రాలేదు. ఇయ్యాల మీరూ రారనుకున్నాన్రా" అంటూ వెక్కుతున్నారు. ఊరుకోమ్మా అని ఈయన ఎన్నిసార్లన్నా ఊరుకోలేదు. అప్పుడు ఉన్నట్టుండి ఈయన గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకున్నారు.

మూడేళ్ళు నేను బతిమాలిన పద్యం! నడివీధిలో, గుర్రానికేసి చూస్తూ, తల్లిని ఊరుకోబెట్టడానికి పాడుతున్నారు. నాకు దుఃఖం, కోపం కలిసి ముంచుకొచ్చాయి. పాటంటే ఏడుస్తారన్న అత్తగారు ఏడుపు ఆపేశారు. నా చెయ్యి పట్టుకుని, "మీ మావగారి గొంతేనే" అన్నారు. పద్యం అయ్యాక, "ఇంకోటి పాడు నాన్నా" అన్నారు. అడగడమే తడవు, రెండోది మొదలుపెట్టారు.

బండి కుదుపుకి నా ఒళ్ళో క్యారియరు గిన్నెలు గలగలలాడుతున్నాయి. దాన్ని రోడ్డు మీదకి గిరాటెయ్యాలన్నంత ఒళ్ళుమంట. కానీ ఆ మోతలో గొంతు సరిగ్గా వినపడక, రెండు చేతులా గుండెకి అదిమి పట్టుకున్నాను.