ఏజెంటుకు పైలం నేర్పిన ఇమ్మానుయేల్

"పైలం" అనకుండా ఇమ్మానుయేల్ ఒక్క మాటైనా పూర్తి చేశాడని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడు ఇమ్మానుయేల్‌ను ఎన్నడూ చూడలేదన్నమాట. జాగ్రత్త అనడానికి జనగామ వైపు పైలం అంటారు. అందరూ అవసరానికి అంటారు, ఇతను ఊపిరికోసారి అంటాడు. చాయ్ అందిస్తూ "వేడిగున్నది, పైలం" అంటాడు. చల్లారిన చాయ్ అందిస్తూ "సల్లగైంది, పైలం" అంటాడు. లైన్‌మన్ తిరుపతి పెళ్లిలో అక్షింతలు వేస్తూ "పైలం రా తమ్మీ" అంటే, పెళ్లికూతురు తరఫువాళ్లు భోజనాల దాకా మొహాలు ముడుచుకునే ఉన్నారు.

అందరూ ఇవి చెప్పుకుని నవ్వుతుంటే, ఇందులో నవ్వాల్సిందేమిటో ప్రవళికకు మాత్రం అర్థమయ్యేది కాదు. జనగామలోని ఆ ఇంటర్నెట్ కంపెనీలో ఆమె, ఇమ్మానుయేల్ ఇద్దరూ ఇంజినీర్లే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కడ నెట్ ఆగినా వాళ్ల తెర మీద ఎర్ర చుక్క వెలుగుతుంది. కూర్చున్న చోటు నుంచే ఒక సాఫ్ట్‌వేర్‌తో దాన్ని సరిచేస్తారు. ఇప్పుడు ఆ పని మనిషి లేకుండా తానే చేసుకుపోయే ఏఐ ఏజెంటుకు అప్పజెబుతానన్నాడు యజమాని హన్మంత్.

"గా సాఫ్ట్‌వేర్ ఎట్ల వాడాల్నో దానికి సమజయ్యేటట్టు ఇద్దరు చెరొకటి రాయుండ్రి. ఎవలది మంచిగుంటె వాళ్లుంటరు. మిషిన్ వచ్చినంక ఇద్దరెందుకు?" అని కుండ బద్దలు కొట్టాడు.

ఉద్యోగం పోగొట్టుకునేది లేదనుకుంది ప్రవళిక. పట్టుబట్టి రాసింది. ఆదేశం, ఉదాహరణ, ఫలితం: ముత్యాల్లా పేర్చింది. ఇమ్మానుయేల్ రాసిందేమో ఆదేశం ఒక వరుస, పైలాలు ఒక పేజీ. 'ఇది నొక్కితే మహబూబాబాద్ మొత్తం ఆగుతది, పైలం. పొద్దుగాల అసలే వద్దు, పిల్లలకు పరీక్షలుంటయి.'

"అన్నా, మిషిన్‌కు గివన్నెందుకే?" అంది ప్రవళిక.

"కొత్తగొస్తుంది గదా చెల్లె. పాపం, దానికిక్కడ ఎవలు తెల్వదు."

పాపమట! ప్రవళికకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసువాళ్లు ఆమె పేజీలు చూసి "బాగుంది" అని ఊరుకునేవాళ్లు. అతనివి మాత్రం ఒకరికొకరు చదివి వినిపించుకుని పడీపడీ నవ్వేవాళ్లు. కన్నతల్లి కూడా ఫోన్ చేస్తే "ఇమ్మానుయేల్ మంచిగున్నడా బిడ్డా?" అని ముందు అతన్నే అడిగేది. అసూయ చెడ్డదని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా?

ఏజెంటును పరీక్షించే రోజున ముందుగా ప్రవళిక రాసింది ఏజెంటుకు ఇచ్చారు. అడగడమే ఆలస్యం, అన్నీ చకచకా చేసేసింది. ఆమె ఓరకంట ఇమ్మానుయేల్‌ను చూసింది. అంతలో తరిగొప్పుల ఊరి చుక్క ఎర్రబడింది. ఏజెంటు వెంటనే తిరుపతిని పంపించింది. ఎండలో బండేసుకుని పోయిన తిరుపతి అక్కడి నుంచి ప్రవళికకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఏం ఖరాబు కాలే. బాక్స్ అంజమ్మవ్వ ఇంట్ల ఉన్నది గదా! కరెంటు బిల్లొస్తదని మెయిన్ బంద్ చేసి, తాళమేసి చేన్లకు పోయింది."

కొన్ని ఊళ్లలో కంపెనీ బాక్సును ఎవరింట్లోనో పెట్టి, ఆ ఇంటికి నెట్ ఉచితంగా ఇస్తుంది. ఆ సంగతి ప్రవళికకూ తెలుసు. మిషిన్‌కు చెప్పాలని తట్టలేదు, అంతే.

చుక్క ఎర్రగా ఉండగానే ఇమ్మానుయేల్ పేజీలు ఇచ్చారు. వాటితోపాటు ఏజెంటుకు అతని భాష కూడా వచ్చేసింది. "పైలం సార్, మనిషిని పంపకుండ్రి. తాళంచెవి పక్కింటి ఎస్తేరక్క దగ్గరుంటది. ఆమెకు ఫోన్ చేసిన." ఎస్తేరక్క తాళం తీసి మెయిన్ వేయగానే చుక్క పచ్చబడింది.

ఆఫీసంతా గొల్లుమంది. "గిదీ పనంటె! ఇమ్మానుయేల్, నువ్వే ఉంటవ్," అన్నాడు హన్మంత్. ప్రవళిక బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది.

హన్మంత్ హుషారుగా ఏజెంటుతో, "ఇగ భూపాలపల్లి పాత లైన్ తీసెయ్," అన్నాడు.

"పైలం సార్. ప్రవళికక్కను అడగకుంట లైన్ తియ్యను."

"సరే, పాస్‌వర్డన్న మార్చు."

"పైలం సార్. దానికి గూడ అక్క ఒప్పుకోవాలె."

ఏది చెప్పినా అదే జవాబు. హన్మంత్ ఇమ్మానుయేల్ వైపు తిరిగాడు. "గిదేందయ్యా? నిన్ను పెట్టుకుంటె గీమెను గూడ పెట్టుకోవాల్నా?"

ఇమ్మానుయేల్ తల గోక్కున్నాడు. "నాకు భయమెక్కువ సార్, చెల్లెకు ధైర్యమెక్కువ. మిషిన్‌కు రెండూ ఉండాలె గదా, గందుకే ఆమెనడగమని రాసిన. చెల్లె పేరు తీసేసి రాయమంటె రాస్త గని, మళ్ల మొదటికెల్లి రాయాలె. శానా రోజులు పడ్తది."

హన్మంత్ కాసేపు గుడ్లురిమి చూసి, ఆపుకోలేక నవ్వేశాడు. "ఉండుండ్రి ఇద్దరూ, నా ఖర్మ!"

కళ్లు చెమర్చాల్సిన చోట ప్రవళికకు కడుపుమంటే ముందొచ్చింది. తను రాసిన అన్ని పేజీల్లో ఇతని పేరు ఒక్కచోటా లేదు. మంచితనంలో కూడా తనకంటే ముందే పోయి కూర్చున్నాడే! బ్యాగు పక్కన పడేసి, తన పేజీలు తెరిచి కసికసిగా టైపు చేయసాగింది.

"అన్నా, నా పేరు ఎన్ని తాన్ల రాసినవ్?"

"ఏమో చెల్లె, లెక్కవెట్టలే. ఎందుకు?"

"నీ పేరు నేను అంతకన్న ఒకటి ఎక్కువే రాస్తున్న. చూస్కో!"