బస్సు టైముల కింద మా అన్న

మా అన్న తప్పిపోయిన ఏడు నేను మదనపల్లెలో వెబ్‌సైటు పనిలో ఉన్నాను. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ఒక బట్టల షావుకారు తన అంగడి మేడమీద కంప్యూటర్లు పెట్టించి, చుట్టుపక్కల ఊళ్ల సమాచారమంతా ఒక్కచోట దొరకాలని సైటు పెట్టాడు. ఆయనకు కల్యాణ మండపాలు కూడా ఉండేవి కాబట్టి సైటులో సగం వాటి ఫోటోలే. మిగతాది టమోటా మార్కెట్టు ధరలు, హాళ్లలో ఆడే సినిమాలు, పుంగనూరు, కుప్పం వైపు పోయే బస్సుల టైములు. ఆ టైములు నేనే బస్టాండులో నిలబడి కండక్టర్లు విసుక్కుంటున్నా అడిగి రాసుకొచ్చాను.

మొదటి పేజీ అంటే షావుకారుకు మహా భక్తి. పైన లక్ష్మీదేవి, అటూ ఇటూ వెలిగి ఆరే దీపాలు, నడుమ కదిలే స్వాగతం. ఆ దీపాలన్నీ తెర మీదికి వచ్చేలోపల మనిషి కిందికి పోయి టీ తాగి రావచ్చు. ప్రతి శుక్రవారం ఆయన మేడెక్కి, ఆ పేజీ తెరిపించి, మానిటరుకు కుంకుమ పెట్టి, కర్పూరం తిప్పేవాడు. అక్కడ పనిచేసే మేము ఆయన వెనక నిలబడి నవ్వాపుకునేవాళ్లం.

అన్న నాకంటే పెద్దవాడు. చౌడేపల్లె దగ్గర మా పల్లెలో అమ్మతో ఉండి ఆవుల్ని చూసుకునేవాడు. ఒకసారి విషజ్వరం వచ్చి తగ్గాక మనిషి మారిపోయాడు. మాట పడిపోలేదు కానీ, అడిగినదానికి జవాబు రాదు. పేరు చెప్పమంటే నవ్వుతాడు. ఆవు దగ్గర కూర్చుంటే మాత్రం మునుపటి అన్నే. పాలు పితుకుతున్నంతసేపూ దానితో ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఒక సంతనాడు అమ్మ వాణ్ణి పుంగనూరు తీసుకుపోయింది. బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లకు పోయి వచ్చేలోపల వాడు లేడు. కదులుతున్న బస్సు ఎక్కాడని ఒకరు చెప్పారు. ఏ ఊరి బస్సో చెప్పగలిగినవాళ్లు లేరు.

పోలీసులకు చెప్పాం. పెద్దపంజాణి, పలమనేరు తిరిగాం. గోడలకు ఫోటో కాగితాలు అంటించాం, వాటి మీద సినిమా పోస్టర్లు పడ్డాయి. అప్పుడు నాకు నా చేతిలో ఉన్న పని గుర్తొచ్చింది. షావుకారును అడిగితే ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, ఒక పేజీ చేసుకొమ్మన్నాడు. ఆ రోజుల్లో మన తెలుగు అక్షరాలు ఇతరుల కంప్యూటర్లలో ఖాళీ డబ్బాల్లా కనబడేవి. అందుకని తెలుగును బొమ్మగా చేసి పెట్టేవాళ్లం. ఆ బొమ్మలోని మాటల్ని సెర్చ్ ఇంజను, అదే నెట్టులో వెతికే యంత్రం, చదవలేదు కాబట్టి, మా అన్న ఎత్తు, రంగు, కనుబొమ మీది గాటు, మా ఫోను నంబరు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో మళ్లీ కొట్టాను. చిరునామా టైపు చేస్తే పేజీ తెరుచుకుంది. ఇక లోకమంతా మా అన్నను చూస్తుందని నమ్మాను.

అమ్మ నాకంటే ఎక్కువ నమ్మింది. బస్సులో పక్క సీటు వాళ్లకు కూడా చెప్పేది.

"మా పెద్దోడు నెట్టులో ఉండాడమ్మా. మీ పిల్లోళ్లకు సెప్పి సూడమనండి."

పేజీ అయితే పెట్టాను, దానికి మొదటి పేజీ నుంచి లింకు ఇవ్వాలి కదా. అక్కడ షావుకారు అడ్డం పడ్డాడు.

"మొదటి పేజీ అంటే గడపప్పా. గడపలో లక్ష్మీదేవిని పెట్టుకోని, ఆ పక్కనే తప్పిపోయినోడి ఫోటో పెడతారా? పెండ్లికి మండపం సూసుకునేదానికి వచ్చినోళ్లు ఏమనుకుంటారు?"

"చిన్న అక్షరాల్లో పెడతా సార్. అడుగున."

"అడుగున పెట్టినా గడప గడపేనప్పా. శుభమా అని వచ్చినోళ్లకు ఎదురుగా ఏడుపు పెట్టకూడదు. మీ అన్న రావల్లని నేనూ మొక్కుకుంటాండా. ఇది మాత్రం వద్దు."

ఆయన చెడ్డవాడని నేను అనను. చెడ్డవాడైతే పోట్లాడి ఉందును. మంచివాడు వద్దంటే ఎదురు చెప్పడానికి మనిషికి నోరు రాదు.

వానలు వచ్చి పోయాయి. ఒక్క ఫోను రాలేదు. అమ్మ ప్రతి ఆదివారం అదే అడిగేది, నేను అదే చెప్పేవాణ్ణి. ఒకరోజు అనుమానం వచ్చి, పేజీలో నేను రాసిన మాటల్నే వెతికే పెట్టెలో కొట్టాను. మా సైటు వచ్చింది, కల్యాణ మండపం వచ్చింది, టమోటా వచ్చింది. మా అన్న రాలేదు. ఎన్ని రకాలుగా కొట్టినా రాలేదు.

కనబడిన ఇంగ్లీషు వ్యాసమల్లా చదివాక సంగతి తెలిసింది. వెతికే యంత్రం ఒక పేజీలోని లింకు పట్టుకుని ఇంకో పేజీకి, అక్కడి లింకు పట్టుకుని మరో పేజీకి పోతుంది. మనుషులు పోయేదీ అట్లానే. ఏ పేజీ నుంచీ లింకు లేనిదాన్ని అది చూడదు, చూడనిదాన్ని ఎవరికీ చూపించదు. మా అన్న పేజీ చిరునామా ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. ఇన్నాళ్లూ దాన్ని రోజూ తెరిచి చూసుకున్నదీ నేనొక్కణ్ణే.

కోపంగా మెట్లు దిగి షావుకారు ముందు నిలబడ్డాను. మొదటి పేజీ ఊసెత్తనని, లోపలి పేజీల నుంచి లింకులు ఇస్తానని చెప్పాను. ఆయన గుడ్డ కొలుస్తూనే తలెత్తాడు.

"లోపల యాడన్నా పెట్టుకోప్పా. మండపాల పక్కన మాత్రం వద్దు. దీనికి నన్ను అడగల్లనా?"

అంత సులభంగా అయిపోయింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆయన గడప తప్ప ఇంకేమీ ఆలోచించలేదు, నేనూ ఆ గడప దగ్గరే ఆగిపోయాను.

జనం ఎక్కువగా చూసేది బస్సు టైములే. అందుకని పుంగనూరు బస్సుల కింద ఒక లింకు, కుప్పం బస్సుల కింద ఒకటి పెట్టాను. లారీలవాళ్లు చూస్తారని టమోటా ధరల పేజీలోనూ, కుర్రవాళ్లు చూస్తారని సినిమాల పేజీలోనూ పెట్టాను. మామూలుగా మేము రాసే "ఇక్కడ నొక్కండి" తీసేశాను. దాన్ని చూసి మనిషికీ ఏమీ తెలియదు, యంత్రానికీ తెలియదు. "పుంగనూరు బస్టాండులో తప్పిపోయిన మనిషి" అని ఇంగ్లీషు అక్షరాల్లోనే విడమరిచి రాశాను. అన్న పేజీ నుంచి మళ్లీ బస్సుల పేజీకి తిరుగు లింకు పెట్టాను. కొన్నాళ్లకు వెతికే పెట్టెలో మా అన్న కనబడ్డాడు. ఆ రోజు కంప్యూటరు ముందు కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే.

ఫోను కుప్పం నుంచి వచ్చింది. రైల్వే స్టేషను దగ్గర టీ అంగడి పెట్టుకున్న ఒక పెద్దాయన. కూతురు పుంగనూరు బస్సు టైము చూస్తుంటే కింద ఆ వాక్యం కనబడిందట. ఫోటోలో ఉన్నది తెలిసిన ముఖమే అన్నాడు. మిగతాది ఫోనులో చెప్పలేనని, రమ్మన్నాడు. ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. అయినా బస్సులో దారంతా అట్లా అయ్యుండదు అనుకుంటూ పోయాను.

ఆయన నన్ను అంగడి వెనక్కు తీసుకుపోయాడు. అక్కడ ఆవు కట్టేసి ఉంది.

"ఈడనే ఉండేవాడప్పా. మా ఆవును ఆయప్పే పితికేవాడు. సంగటి పెడితే తినేవాడు. ఊరు యాడిది అంటే ఒగోసారి పుంగనూరు అనేవాడు, ఒగోసారి నవ్వేవాడు. సలికాలంలో జరమొచ్చింది. ఆస్పత్రిలో చేర్పిస్తిమి. నిలవలేదు. మా సొంత మనిషి లెక్కన మేమే పూడ్చినాము."

ముందే ఎవరికైనా తెలపాలని అనిపించలేదా అని అడిగాను. నా గొంతులో కోపం ఉంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"యాల అనిపించదప్పా? వానలప్పుడు మా పాపను తీసుకోని నెట్టు సెంటరుకు పోయినా. పుంగనూరు అని కొట్టింది. మీ సైటే వచ్చింది, లక్ష్మీదేవి, దీపాలు. అన్నీ నొక్కి సూసినాము. మండపాలు, టమోటాలు, సినిమాలు, అన్నీ ఉండాయి. మనిషి తప్పిపోయినాడని యాడా లేదు. సరే, ఈయప్పను ఎతుక్కునేవాళ్లు ఎవురూ లేరులే అనుకున్న్యాము."

వానలప్పటికి ఆ పేజీ ఉంది. ఫోటో ఉంది, గాటు ఉంది, నంబరు ఉంది.

ఊరికి పోయి అమ్మకు చెప్పాను. మొదట ఆమె ఏడవలేదు. పంచలో కూర్చుని, టీ అంగడాయన మాటలు మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

"ఆయప్ప సూసినప్పుడు మీ అన్న దాంట్లో ఉండాడా, లేడా?"

"ఉండాడమ్మా."

"ఉంటే ఆయప్పకు యాల కనపల్లేదు?"

లింకుల సంగతి నాకు తెలిసినంత తేలికగా చెప్పాను. పేజీ ఉందనీ, మిగతా పేజీల నుంచి దానికి పోయే దారి మాత్రం అప్పటికి లేదనీ.

"అయితే దావ లేకుండా ఇల్లు కట్టి, బిడ్డను లోపల కూసోబెట్టినారా నాయనా?"