మామయ్య బొటనవేలికి లేచే కంప్యూటరు

ఒక మధ్యాహ్నం లారీలు రాక, ఊసుపోక, ఓనరు మా మామయ్యను కాటా మీద నిలబెట్టి తూచాడు.

కాటా అంటే కూరగాయలు తూచేది కాదు. లారీకి లారీ ఎక్కి నిలబడే ఇనప బల్ల. పక్కనే రేకుల గది, గదిలో ఒక కంప్యూటరు. లారీ సరుకుతో వస్తే లోడు బరువు, సరుకు దింపేసి వస్తే ఖాళీ బరువు. రెంటికీ ఉన్న తేడా ఎంతో అంత సరుకు. ఇదంతా చీటీ మీద అచ్చేసి ఇచ్చేది మా మామయ్య, మా అమ్మకు తమ్ముడు. గడ్డం నున్నగా ఉన్న రోజుల నుంచి ఆ గదిలోనే ఉన్నాడు. ముందు మామయ్య గదిలో పట్టేవాడు, తర్వాత గది మామయ్యకు పట్టేది.

"మనిషి ఎక్కితే అది కదలదులే సార్," అన్నాడు మామయ్య ఆ రోజు.

"నువ్వు మనిషివని ఎవరన్నారు? ఎక్కు," అన్నాడు ఓనరు.

కాటా కదిలింది. ఓనరు తనే కూర్చుని చీటీ అచ్చేశాడు. బండి నంబరు: లేదు. సరుకు: కాటా గుమాస్తా. లోడు బరువు: నూట ముప్పై. ఖాళీ బరువు దగ్గర ఒక గీత. ఆ చీటీని కిటికీ అద్దానికి, లారీల వైపు కనబడేలా అతికించాడు. ఇక వచ్చిన ప్రతి డ్రైవరూ దాన్ని చదివేవాడు. చదువు రానివాడికి క్లీనరు చదివి వినిపించేవాడు.

"బాబాయ్, సరుకు ఎక్కడ దింపుతున్నావు?"

"ఖాళీ చేసుకుని సాయంత్రానికి వచ్చెయ్, తూచి పంపిస్తాం."

మామయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వితే ముందు పొట్ట నవ్వేది, తర్వాత నోటికి కబురు అందేది. నేనైతే ఆ చీటీ చించి ఓనరు జేబులో కుక్కేవాణ్ణి. మామయ్యకు అలాంటివి తెలియవు. తనను వెక్కిరించినవాడికి గొంతు ఎండుతుందేమోనని మంచినీళ్ళు ఇచ్చే రకం. ఇలాంటివాళ్ళను చూసే లోకం ఇంత చెడిపోయిందని నాకు అప్పట్లో గట్టి నమ్మకం. ఇప్పుడూ పెద్దగా మారలేదు.

ఆ చీటీని అత్తయ్య చూసింది. కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించలేని మనిషికి, రోడ్డు అవతల నుంచే ఆ అంకె కనబడింది.

"మనిషిని కట్టుకున్నాననుకున్నాను," అంది భోజనం గిన్నెలు బల్ల మీద పెడుతూ. "బండి నంబరు కూడా లేదట."

మర్నాటి నుంచి గిన్నెలు చిన్నవయ్యాయి. ఉడికించిన ముక్కలు, పచ్చి ముక్కలు, ఏ ముక్కో తెలియని ముక్కలు. మామయ్య వాటిని తింటుంటే దగ్గరివాళ్ళెవరో పోయినట్టుండేది. అయినా తిన్నాడు. నెలలు గడిచేకొద్దీ చొక్కా వదులైంది, బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పడ్డాయి, గది తలుపులోంచి పక్కకు తిరగకుండా నేరుగా నడిచి రావడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది.

ఆ కంప్యూటరు డబ్బా నేల మీద, బల్ల కింద గోడవారన ఉండేది. మామయ్య కుర్చీలో కూలబడి, చెప్పు విడిచి, కాలి బొటనవేలితో మీట నొక్కేవాడు. వంగే ఓపిక లేక అలవాటైన పద్ధతి అది. ఇన్నేళ్ళూ ఆ వేలికి అది పెంపుడు కుక్కలా లేచింది. ఇప్పుడు నొక్కితే లోపల ఫ్యాను ఒక్కసారి 'గుర్' అని ఆగిపోయేది. మళ్ళీ నొక్కితే మళ్ళీ గుర్. పొద్దున లేవదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక్కోసారి లేస్తుంది. ఒకసారి లేచిందంటే ఇక సాయంత్రం దాకా నిక్షేపంగా పనిచేస్తుంది.

"దానికీ ఆకలేస్తుందేమో," అన్నాడు మామయ్య. ఆ రోజుల్లో ఆయనకు లోకంలో అన్నీ ఆకలితో ఉన్నట్టే కనబడేవి.

లారీలు రోడ్డు మలుపు దాకా బారులు తీరాయి. తలా ఒక వైద్యం చెప్పారు. ఓనరు వంగి మీట నొక్కాడు, గుద్దాడు, పేరు పెట్టి తిట్టాడు. ఒక డ్రైవరు ఇంజనుకు చేసినట్టే దీన్నీ వెనక్కి తోసి చూడమన్నాడు. చివరికి ఓనరు తేల్చేశాడు.

"కాలితో నొక్కితే ఏ వస్తువు నిలుస్తుందయ్యా? ఇది నీ నిర్వాకమే. సోమవారం లోపు బాగుపడిందా సరే, లేకపోతే మా బావమరిది కూర్చుంటాడు. వాడు కోర్సు చేశాడు. నువ్వు గేటు దగ్గర నిలబడి బళ్ళు వదులు."

గేటు దగ్గర కుర్చీ ఉండదు. ఎండలో ఈల వేస్తూ పొద్దస్తమానం నిలబడాలి. మామయ్య మోకాళ్ళు అప్పటికే మెట్లు ఎక్కేటప్పుడు తలుపు కిర్రుమన్నట్టు కిర్రుమనేవి. కుర్చీ పోతే ఆయన ఉద్యోగం నెల కూడా నిలవదని ఓనరుకు తెలుసు, మామయ్యకూ తెలుసు. అందుకే ఆయన మొదటిసారి నవ్వకుండా మా ఇంటికి వచ్చాడు.

"అల్లుడూ, పాత పుస్తకాలన్నీ కొని నమిలేస్తుంటావు కదా. అందులో కంప్యూటరు పుస్తకం ఏదైనా ఉందా?"

ఉంది. రెండుసార్లు చదివాను. చదివినదానితో అప్పటిదాకా ఎవరికీ పని పడలేదు.

డబ్బాను సైకిలు వెనక కట్టుకుని మామయ్య ఇంటికి తెచ్చాను. నా దగ్గరున్న వైరు పెట్టి నొక్కాను. లేచింది. ఆపి నొక్కాను. లేచింది. అయినా పుస్తకంలో చెప్పినట్టు దుమ్ము ఊదాను, లోపలి బిళ్ళలు తీసి రబ్బరుతో రుద్ది పెట్టాను, చిన్న బ్యాటరీ మార్చాను. ప్రతిసారీ లేచింది. గర్వంగా కాటాకు తీసుకెళ్ళి, అక్కడి వైరు తగిలించి నొక్కాను. గుర్. ఆగింది.

మళ్ళీ సైకిలెక్కింది. ఇంట్లో లేచింది. మళ్ళీ కాటాకు వెళ్ళింది. గుర్.

"మన ఇంట్లో బుద్ధిగా ఉంటుంది పాపం," అంది అత్తయ్య. "అక్కడి సావాసమే మంచిది కాదు."

నేను గదిలో డబ్బా ముందు గొంతుక్కూర్చుని, దాని వెనకా ముందూ తడిమి చూసేవాణ్ణి. వింత ఏమిటంటే, నేను ఎంత దగ్గరగా కూర్చుని చూస్తే అది అంత మొండికేసేది. దూరంగా వెళితే కనీసం గుర్ అనేది. నన్ను చూస్తేనే దానికి పడదని తేల్చుకున్నాను. అప్పట్లో నాకు మనుషుల మీద కూడా అదే అభిప్రాయం.

శనివారం మధ్యాహ్నం అత్తయ్య గిన్నెలతో వచ్చింది. మామయ్య కుర్చీలో కూర్చుని పదోసారో పదకొండోసారో బొటనవేలితో నొక్కుతున్నాడు. నేను గుమ్మం బయట నిలబడి పుస్తకం తిరగేస్తున్నాను. అత్తయ్య లోపలికి వెళ్ళి కుర్చీ వెనక నిలబడింది.

"నిన్నటి గిన్నెలో ముక్కలు కుక్కకు పెట్టారట. ఒక డ్రైవరు చెప్పాడు."

"కుక్క కూడా తినలేదే."

కంప్యూటరు లేచింది. తెర మీద అక్షరాలు పడ్డాయి.

ముగ్గురం నోరు తెరుచుకుని చూశాం. నేను దాన్ని ఆపేసి, అత్తయ్యను బయటికి రమ్మన్నాను. మామయ్య నొక్కాడు. గుర్, ఆగింది. అత్తయ్యను లోపలికి పంపాను. లేచింది. బయటికి. లేవలేదు. లోపలికి. లేచింది.

"నీ భయానికేనే లేస్తోంది," అన్నాడు మామయ్య. "నేనూ పొద్దున అలాగే లేస్తాను."

"నన్నేమైనా స్విచ్చి అనుకున్నారా మామా అల్లుళ్ళు? గుమ్మం లోపలికీ బయటికీ తిప్పుతున్నారు," అంటూనే ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆమెకూ సరదా పుట్టింది.

ఈసారి నేను నేల మీద బోర్లా పడుకుని చూశాను. ఆ గది నేలకు చెక్క పలకలు. కుర్చీ కింది నుంచి గోడ దాకా పొడుగ్గా ఉంటాయి, వాటి కింద మధ్యలో అడ్డంగా ఒక దూలం. మేకులు ఎప్పుడో వదులయ్యాయి. కుర్చీ వైపు బరువు పడితే రెండో కొన కొంచెం పైకి లేస్తుంది, పిల్లలు చెరో కొస ఎక్కి ఊగే బల్లలాగా. ఆ కొన మీద డబ్బా ముందు కాళ్ళున్నాయి. వెనక కాళ్ళు గోడను ఆనుకున్న సిమెంటు గట్టు మీద ఉన్నాయి. ముందు కాళ్ళు లేస్తే డబ్బా వెనక్కి వాలి గోడకు ఆనుతుంది. ఆనితే, వెనక వదులుగా వేలాడే కరెంటు వైరు లోపలికి నొక్కుకుంటుంది.

అంతే రోగం. వైరు కొస వదులు. లేచేటప్పుడు యంత్రానికి కరెంటు ఎక్కువ కావాలి, లేచాక కొద్దిగా అందినా నడిచిపోతుంది. ఇన్నేళ్ళూ ఆ వైరును నొక్కి పట్టింది మామయ్య బరువు. ఆయన చిక్కాడు, అది వదిలింది. భోజనం చేసిన పూట తక్కువైనదేదో కాస్త పూడేది. వంగి చూసిన ఓనరూ, గొంతుక్కూర్చున్న నేనూ పలక అవతలి కొనను తొక్కి దాన్ని ఇంకా దించాం. ఇంటికి డబ్బాను మాత్రమే తీసుకెళ్ళి, రోగమున్న వైరును కాటాలోనే వదిలేసి వచ్చాను. రెండుసార్లు చదివిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, ముందు వైరు చూడమని. ఆ పేజీ మరీ తేలికగా ఉందని దాటేశాను.

"ఇంకేం, కొత్త వైరు తెస్తాను," అన్నాను లేచి దుమ్ము దులుపుకుంటూ. "ఆ ఓనరును పిలిచి చూపిస్తాను. కాలితో నొక్కినందుకు పాడైందన్నాడు కదా, వాడి మొహం..."

"కూర్చో," అన్నాడు మామయ్య.

ఆయన గొంతు అలా నేనెప్పుడూ వినలేదు. కూర్చున్నాను, పలక మీద కాకుండా చూసుకుని.

"వైరు మారిస్తే దీన్ని ఎవరైనా లేపుతారా?"

"ఎవరైనా."

"ఆ బావమరిది కూడా?"

నేను డబ్బా వైపు చూశాను.

"వాణ్ణి కూర్చోబెట్టాలని ఓనరు ఎప్పటినుంచో చూస్తున్నాడురా. ఇప్పుడు కంప్యూటరు వంక. అది బాగైతే ఇంకో వంక. దాన్ని అలాగే ఉండనివ్వు."

"అలాగే ఉంటే నువ్వు కూడా లేపలేవు కదా మామయ్యా. మళ్ళీ లావు అవుతావా?"

మామయ్య ఆశగా అత్తయ్య వైపు చూశాడు.

"ఆ ముచ్చటేం లేదు," అంది అత్తయ్య.

అప్పుడు ఆయన చూపు గది మూలకు వెళ్ళింది. అక్కడ కాటా సరిగ్గా ఉందో లేదో చూడడానికి వాడే తూనికరాళ్ళు ఉన్నాయి, పైన పిడి ఉన్న ఇనప దిమ్మెలు, ఒక్కోటి ఇరవై కిలోలు. మామయ్య ఒకదాన్ని ఈడ్చుకొచ్చి కుర్చీ కింద పెట్టాడు. కూర్చున్నాడు. చెప్పు విడిచాడు. బొటనవేలు చాపాడు.

లేచింది.

సోమవారం బావమరిది వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కోర్సు సర్టిఫికెట్టు, ఫ్యాను గట్టిగా వేస్తే కొట్టుకుపోయే ఒళ్ళు. మామయ్య మెడలో ఈల వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. దిమ్మె దాని మూలలో అది ఉంది. నేను రోడ్డు అవతల టీ కొట్టులో కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి పుస్తకం లేకుండా ఒక పూట కులాసాగా గడిపాను.

బావమరిది వంగి నొక్కాడు. కూర్చుని నొక్కాడు. సర్టిఫికెట్టు బల్ల మీద పెట్టి రెండు చేతులతో నొక్కాడు. లారీలు హారన్లు అందుకున్నాయి. ఓనరు వచ్చి, పలక అవతలి కొన మీద మోకాళ్ళూని, బావమరిదికి ఎలా నొక్కాలో నేర్పాడు. ఒక డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "మా బాబాయ్‌ని పిలవండి సార్, అది ఆయన కాలి వేలు తప్ప ఎరగదు," అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా పట్టుబట్టి, చివరికి ఓనరు గేటు వైపు చూసి చెయ్యి ఊపాడు.

మామయ్య తొందరపడలేదు. ఈల తీసి గేటుకు తగిలించాడు. గదిలోకి వచ్చి, మూల నుంచి దిమ్మెను లాక్కుని కుర్చీ కిందికి నెట్టాడు.

"అదెందుకు?" అన్నాడు ఓనరు.

"నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతున్నాయి సార్. మడమ ఆనించుకోవడానికి."

కూర్చున్నాడు. బొటనవేలితో నొక్కాడు. తెర వెలిగింది. బయట డ్రైవర్లు ఈలలు వేశారు. బావమరిది సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాపం, మడత పడకూడని కాగితం అది.

ఆ తర్వాత కుర్చీ ఊసు ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు దిమ్మెను మూలకు నెట్టేవాడు, పొద్దున లాక్కునేవాడు. అత్తయ్య ముక్కలు ఆపలేదు. ఆయన ఇంకా చిక్కాడు, కుర్చీ కింద రెండో దిమ్మె చేరింది. ఎండకు పసుపెక్కిన ఆ చీటీని మాత్రం చింపనివ్వలేదు. నేను ఒకసారి గోటితో గీకబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఖాళీ బరువు పడని సగం చీటీని చింపకూడదట, అది కాటా పద్ధతి కాదట.

కిందటి వారం వేరే ఊళ్ళో పని దొరికి, చెప్పి వెళ్దామని కాటాకు వెళ్ళాను. ఇంకా లారీలు రాలేదు. కంప్యూటరు లేపి, నన్ను దిమ్మెలున్న ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. తను వెళ్ళి ఇనప బల్ల నడుమ చేతులు కట్టుకుని, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"నొక్కు," అన్నాడు.

తొంభై. పాత చీటీలో ఏళ్ళుగా గీత ఉన్నచోట, కొత్త చీటీలో ఖాళీ బరువు అచ్చయింది. మామయ్య వచ్చి చీటీ తీసుకుని, అద్దం మీద పాతదాని పక్కన అతికించి, రెండు అడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. పొట్ట పెద్దగా లేదు కదా, ఈసారి నవ్వు నేరుగా నోటికే వచ్చింది.

"ఓనరు అడిగితే చెప్పు అల్లుడూ," అన్నాడు. "సరుకు నలభై కిలోలూ ఆయన గదిలోనే దింపాను. కుర్చీ కింద ఉంది, లెక్క చూసుకోమను."